ఫోనులో పచ్చ లైటు, చెవికి ఎక్కువ గాంధారం: ఒక వీణ మేళం కేసు

మే నెల చివర్లో ఆమదాలవలస నుంచి ఒక తండ్రీ కూతురూ పాసింజరు బండిలో వీణ మోసుకుని విజయనగరం వచ్చారు. వీణను రెండు పాత దుప్పట్లలో చుట్టి, పైన తాడు కట్టి, పసిపిల్లను దించినట్టు నా గుమ్మంలో దించారు. అమ్మాయికి పదహారేళ్లుంటాయి. మాట్లాడిందంతా తండ్రే.

"ఏటండీ మాస్టారూ, ఫోన్లో చూస్తే ప్రతి మెట్టుకీ పచ్చ లైటే ఎలుగుతోంది. టీచరు గారేమో గాంధారం ఎక్కువుంది, ఎక్కువుంది అంటారు. ఎవరి మాట నమ్మాలి?"

ఆయన చెప్పేది శ్రుతి సరిపోతే పచ్చగా వెలిగే ట్యూనరు యాప్ సంగతి. గాంధారం అంటే స రి గ మలో గ. ఇలాంటి కేసులు ఈమధ్య నా దగ్గరికి ఎక్కువగానే వస్తున్నాయి. దీన్నే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో మొదటిసారి నేను చేసిన వైద్యం కూడా తప్పింది.

నా పని మేళం కట్టడం. వీణ దండికి, అంటే పొడుగు మెడకి, రెండు వైపులా మైనపు గట్లు పోసి, వాటి మీద 24 కంచు మెట్లను శ్రుతికి నిలబెట్టడాన్ని మేళం కట్టడం అంటారు. మైనం అంటే తేనెమైనంలో మసి కలిపిన నల్ల ముద్ద. ఈ పని బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒక పెద్దాయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఒకే పనస దుంగలో కుండ, దండి తొలిచి వీణ చేసే ఊరది. వీణ చెయ్యడం వడ్రంగం, మేళం కట్టడం చెవి పని. చెవి పనికి టేపు, స్కేలు పనికిరావని ఆయన కచ్చితంగా చెప్పేవారు. నేను మాత్రం టేపు కూడా వాడతాను. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మే నెల కాబట్టి మొదటి అనుమానం మైనం మీదే. మా జిల్లాల్లో ఏప్రిల్, మే ఎండలకి రేకుల కప్పు కింద వీణ పెడితే మైనం మెత్తబడుతుంది. మీటేటప్పుడు వేలి ఒత్తిడికి మెట్టు ఒరుగుతుంది, లేదా కుంగుతుంది. గోటితో నొక్కి చూశాను, గట్టిగానే ఉంది. మెట్లన్నీ తిన్నగా ఉన్నాయి. రెండో అనుమానం తీగ. పాత తీగ మీద మెట్లు ఎంత సరిగ్గా ఉన్నా శ్రుతి పైకీ కిందికీ తిరుగుతుంది. సారణి, అంటే మొదటి వాయింపు తీగ, మార్చాను. గాంధారం అలాగే ఉంది. మూడోది గుర్రం, అంటే కుండ మీద తీగలను మోసే వంతెన, కదలడం. గుర్రం జరిగితే మొత్తం కొలత మారిపోతుంది. దాన్ని పట్టడం తేలిక. తీగ సగంలో వేలు తేలిగ్గా ఆనించి మీటితే వచ్చే తార షడ్జమూ (పై స్థాయి స), పన్నెండో మెట్టు మీద నొక్కి మీటితే వచ్చే షడ్జమూ కలవాలి. ఇక్కడ కలిశాయి.

అప్పుడు అడిగాను, ఈ మేళం ఎవరు కట్టారని. కిందటి దసరాకి ఒక ఊళ్లో చేయించారట. కట్టినాయన ఫోను పక్కన పెట్టుకుని, మెట్టు మెట్టుకీ పచ్చ లైటు వెలిగేదాకా జరిపి మైనం పోశాడట. పని శుభ్రంగా చేశాడు, అందులో నాకేమీ అనుమానం లేదు. మెట్ల అంచులు చూస్తేనే చెయ్యి తిరిగినవాడని తెలుస్తోంది. ఫోను ఏం చెప్పిందో అదే చేశాడు. చిక్కు ఫోను చెప్పిన దాంట్లోనే ఉంది.

తండ్రికి ఇది నోటితో చెబితే ఎక్కదు. అందుకని వీణ చేతే చెప్పించాను. మేరువు (దండి పైకొసన తీగలు ఆనే గట్టు) నుంచి గుర్రం దాకా ఆ వీణ కొలత 84 సెంటీమీటర్లు. మంద్రం తీగ మీద, ఏ మెట్టుకీ నొక్కకుండా, వేలు ఊరికే ఆనించి మీటాను. సగంలో ఆనిస్తే ఒక స్థాయి పైన షడ్జం పలికింది. మూడో వంతులో ఆనిస్తే దాని పై పంచమం. నాలుగో వంతులో ఇంకో పై షడ్జం. ఐదో వంతులో, అంటే మేరువు నుంచి 16.8 సెంటీమీటర్ల దగ్గర, గంట కొట్టినట్టు అంతర గాంధారం (గాంధారాల్లో ఎక్కువ శ్రుతిది) పలికింది. అమ్మాయి ఠక్కున తలెత్తింది.

ఇంటర్ ఫిజిక్సు పుస్తకంలో వీటినే అనుస్వరాలు అంటారు. బిగించిన తీగ మొత్తంగా ఊగుతూనే, రెండు ముక్కలుగా, మూడు ముక్కలుగా, నాలుగు, ఐదు ముక్కలుగా కూడా ఏకకాలంలో ఊగుతుంది. మొత్తం ఊపు సెకనుకు 80 అయితే మిగతావి 160, 240, 320, 400. షడ్జం అని మనం వినేది ఈ గుంపునంతటినీ కలిపి. వేలు ఆనించినప్పుడు ఆ చోట కదలకుండా ఉండే ఊపులు మాత్రమే మిగులుతాయి, తక్కినవి ఆగిపోతాయి. మన పాతవాళ్లు వీటిని స్వయంభూ స్వరాలన్నారు. ఎవరూ వాయించకుండా వాటంతటవే పుట్టినవి అని. మంచి తంబురాను గుర్రం దగ్గర నూలుపోగు సరిచేసి, నిదానంగా మీటుతూ కూర్చుంటే, అందులో లేని గాంధారం గాలిలో తేలుతుంది. ఆ గాంధారం ఈ ఐదో ఊపే.

ఇప్పుడు చోటు చూడండి. తీగలో ఐదో వంతు దగ్గర వేలు ఆనిస్తే స్వయంభూ గాంధారం వస్తుంది. అదే చోట మెట్టు పెట్టి నొక్కితే మిగిలేది ఐదింట నాలుగు వంతుల తీగ. అప్పుడు పలికే స్వరం ఊపుల లెక్కలో షడ్జానికి 5/4 రెట్లు, అంటే అదే అంతర గాంధారం, రెండు స్థాయిల కింద. అంతర గాంధారపు మెట్టు ఎక్కడ ఉండాలో తీగే చూపిస్తోందన్నమాట. ఈ వీణ మీద నాలుగో మెట్టు ఎక్కడ ఉందో టేపు పెట్టి చూపించాను. 17.3 సెంటీమీటర్లు. తీగ చూపించిన చోటికీ మెట్టుకీ మధ్య అర సెంటీమీటరు. నిజానికి నొక్కినప్పుడు తీగ కొంచెం బిగుస్తుంది కాబట్టి మెట్టు ఆ చోటికన్నా కాస్త మేరువు వైపే ఉండాలి. ఇది అటు కాకుండా గుర్రం వైపు జరిగి ఉంది.

"అర సెంటీమీటరుకే ఇంత గొడవా?" అన్నాడు తండ్రి. ఆయన రైతు. లెక్క సెంట్లలో చెప్పాల్సి వచ్చింది. సంగీతంలో ఒక స్థాయిని, అంటే స నుంచి పై స దాకా, 1200 సెంట్లుగా విడగొడతారు అని మొదలుపెట్టగానే, "సెంట్లంటే మా పొలం సెంట్లేనా?" అని నవ్వాడు. అదే అనుకోండి అన్నాను. ఎకరాకి 100 సెంట్లయినట్టు, ఇక్కడ స్థాయికి 1200. ఫోను ఆ 1200 సెంట్లనీ పన్నెండు వాటాలు చేసి, ఒక్కో స్వరానికి సరిగ్గా 100 సెంట్లు ఇస్తుంది. అంతర గాంధారానికి నాలుగు వాటాలు, 400 సెంట్లు. తీగ ఇచ్చే గాంధారం 386 దగ్గరే ఆగుతుంది. పద్నాలుగు సెంట్లు తేడా. "పద్నాలుగు సెంట్లు గట్టు జరిపితే కోర్టుకెళ్తారు కదండీ" అన్నాడు. ఆ తర్వాత ఆయనకి ఇంకేమీ వివరించనక్కర్లేకపోయింది.

మరి ఫోను ఎందుకు అలా సమానంగా పంచుతుంది? అది తప్పు యంత్రమా? కాదు. షడ్జం నుంచి పంచమం, ఆ పంచమాన్నే షడ్జం చేసుకుని దాని పంచమం, ఇలా పన్నెండు సార్లు వెళ్తే తిరిగి షడ్జానికి రావాలి. స్వచ్ఛమైన పంచమం 702 సెంట్లు. పన్నెండు పంచమాలంటే 8424. ఏడు స్థాయిలంటే 8400. సుమారు 24 సెంట్లు మిగిలిపోతాయి, ఏం చేసినా పోవు. తీగ మీద పెట్టినా గొట్టంలో ఊదినా అంతే. ఆ మిగులును పన్నెండు పంచమాలకీ తలా రెండు సెంట్లు తగ్గించి సర్దేస్తే, ఏ స్వరం నుంచి మొదలుపెట్టినా ఒకేలా వాయించుకోవచ్చు. పియానో, కీబోర్డు, గిటారు అన్నీ ఈ లెక్కే. అందుకే ఫోను పంచమం 700, దాని లోటు చెవికి దాదాపు తెలియదు. కానీ గాంధారం దగ్గర ఆ లెక్క బరువు పడుతుంది.

ఎంత బరువో బీట్లలో చెబుతాను. షడ్జం సెకనుకు 160 ఊపులు అనుకుందాం, రెండున్నర శ్రుతికీ మూడుకీ మధ్య. తీగ గాంధారం 200. ఫోను గాంధారం 201.6. తంబురా మంద్ర షడ్జంలో పుట్టే ఐదో ఊపు 400, ఈ మెట్టు గాంధారంలో పుట్టే రెండో ఊపు 403.2. రెండూ కలిసి మోగితే సెకనుకు మూడుసార్లు హెచ్చుతూ తగ్గుతూ 'వౌ వౌ వౌ' అంటాయి. మధ్య షడ్జంతో పోలిస్తే సెకనుకు ఆరు. పంచమం దగ్గర ఇదే పరీక్ష పెడితే రెండు సెకన్లకి ఒక్కసారి, అదీ శ్రద్ధగా వింటేనే. టీచరు గారికి గాంధారం ఒక్కటే గుచ్చుకోవడానికి కారణం ఇదే. పైగా అమ్మాయి రోజూ సరళీ స్వరాలు వాయించేది మాయామాళవగౌళ రాగంలో. అందులో గాంధారం కదలిక లేకుండా నిలబడాల్సిన స్వరం. తోడిలో అయితే గాంధారాన్ని ఎలాగూ ఊపుతారు, ఈ తేడా ఆ గమకంలో కలిసిపోయి ఏళ్ల తరబడి ఎవరికీ దొరకదు.

వీణలో ఇంకో సంగతి ఉంది. తీగను పక్కకి లాగితే శ్రుతి పెరుగుతుందే గానీ తగ్గదు. మెట్టు కాస్త తక్కువలో ఉంటే వాయించేవాళ్లు లాగి సరిచేసుకుంటారు. ఎక్కువలో ఉంటే వాళ్ల చేతిలో ఏమీ లేదు. గొల్లపల్లి పెద్దాయన మాట ఒకటి ఉండేది, మెట్టు అప్పు పెట్టొచ్చు గానీ మిగులు పెట్టకూడదని. అప్పట్లో అర్థం కాలేదు.

ఆ రోజు నేను చేసింది ఇది. నాలుగో మెట్టునీ, దాని పై స్థాయి జోడీ పదహారో మెట్టునీ మేరువు వైపు జరిపాను. కాకలి నిషాదం (ని) పదకొండో మెట్టును మూడు మిల్లీమీటర్ల దాకా వెనక్కి తెచ్చాను. చతుశ్రుతి ధైవతం (ధ) తొమ్మిదో మెట్టును మధ్యమంతో పోల్చి, షడ్జానికి గాంధారం ఎలాగో మధ్యమానికి ఈ ధైవతం అలాగ పలికేట్టు, 5/3 దగ్గర పెట్టాను. చతుశ్రుతి రిషభం (రి) రెండో మెట్టును పంచమానికి పంచమంగా 9/8 దగ్గర నిలిపాను. తంబురా పక్కన పెట్టి మాయామాళవగౌళ వాయించమన్నాను. గాంధారం దగ్గర అమ్మాయి రెండోసారి ఆగి, అదే స్వరం మళ్లీ మీటింది, మళ్లీ మీటింది. తండ్రి డబ్బులిచ్చి, ఫోనులో ఇప్పుడు ఎర్రగా చూపిస్తోందని నవ్వుకుంటూ వెళ్లాడు. నేనూ సంతోషపడ్డాను.

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చారు. ఈసారి మాట్లాడింది అమ్మాయి. "మాయామాళవగౌళ బాగుందండీ. మోహన రాగం మొదలుపెట్టాం. మంద్రంలో ధైవతం, మధ్యంలో ధైవతం ఒకటి కావండీ. రెండు వేరే స్వరాల్లా ఉన్నాయి."

వాయించి చూపించింది. నిజమే. నాకు ముఖం చెల్లలేదు.

వీణ మెట్టు ఒక్క తీగకి కాదు, నాలుగు వాయింపు తీగలకీ అడ్డంగా ఉంటుంది. సారణి మీద రిషభం పలికించే రెండో మెట్టే, పక్కనున్న పంచమం తీగ మీద మంద్ర ధైవతం పలికిస్తుంది. నేను రెండో మెట్టును 9/8 దగ్గర, 204 సెంట్లకు పెట్టాను. దానికి పంచమం 702 కలిపితే మంద్ర ధైవతం 906. సారణి మీద తొమ్మిదో మెట్టును 5/3 దగ్గర, 884కి పెట్టాను. ఒకే ధైవతం, ఒక స్థాయి తేడాతో, 22 సెంట్లు వేరయింది. ఏ మెట్టుకి ఆ మెట్టు నేను స్వచ్ఛంగానే పెట్టాను. అన్నీ కలిసి ఒక దండి మీద ఇమడలేదు.

మాయామాళవగౌళలో ఈ గొడవ ఎందుకు రాలేదంటే, ఆ రాగంలో స రి గ మ ఎలా ఉందో ప ధ ని స అచ్చంగా అలాగే ఉంటుంది. శుద్ధ రిషభపు మెట్టు 16/15 దగ్గరుంటే పంచమం తీగ మీద శుద్ధ ధైవతం 8/5 వస్తుంది. గాంధారపు మెట్టు కాకలి నిషాదాన్ని ఇస్తుంది, మధ్యమపు మెట్టు షడ్జాన్ని ఇస్తుంది. అన్నీ స్వచ్ఛంగా. మొదటి పాఠానికి ఆ రాగాన్నే ఎంచినవాళ్లు ఇది కూడా ఆలోచించారో లేదో గానీ, వీణకు మాత్రం అది కలిసొచ్చింది. నేను ఆ ఒక్క రాగంతో పరీక్షించి పంపించడమే నా తప్పు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1550లో సంగీత శాస్త్రకారుడు రామామాత్యుడు స్వరమేళకళానిధి అనే గ్రంథంలో వీణ మెట్ల గురించి రాస్తూ ప్రతి మెట్టు కిందా నాలుగు తీగల మీదా ఏయే స్వరాలు వస్తాయో విడివిడిగా చెప్పాడు. ఆ కాలంలో కొన్ని వీణల మీద మెట్లను రాగానికి తగ్గట్టు జరుపుకునేవారు. కదలని 24 మెట్ల వీణను పదిహేడో శతాబ్దపు తొలినాళ్లలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడి కాలానికి ముడిపెడతారు. మెట్లు మైనంలో కూరుకున్న రోజు నుంచీ మేళం కట్టేవాడికి ఈ బేరం తప్పలేదు. మా ఊరి సంగీత కళాశాలలో వయొలిన్ చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాద్యానికి మెట్లు లేవు కాబట్టి ఈ బాధ లేదు, వేలు ఎక్కడ పెడితే అక్కడే స్వరం. హార్మోనియానిది ఇంకో చివర, స్వరాన్ని కదపడానికే లేదు. 1940లో ఆలిండియా రేడియో దాన్ని పక్కన పెట్టింది, 1971 దాకా. వీణ ఈ రెండింటికీ నడుమ ఉంది.

రెండోసారి వైద్యానికి నాకు మూడు దారులు కనిపించాయి. ఒకటి, తొమ్మిదో మెట్టును 906కి ఎక్కించడం. అప్పుడు రెండు ధైవతాలూ కలుస్తాయి గానీ, మోహనలో గాంధారానికీ ధైవతానికీ పొత్తు చెడిపోతుంది. మెట్టు మిగులులో ఉంటుంది కాబట్టి లాగి దించలేరు. రెండు, రెండో మెట్టును 182కి దించడం. ఆ మెట్టు దగ్గర 22 సెంట్లంటే తొమ్మిది మిల్లీమీటర్ల పైనే. మంద్ర ధైవతం స్వచ్ఛంగా కుదురుతుంది, కానీ రిషభం పంచమంతో తగాదా పడుతుంది, అదీ ఊరికే వినిపించేంత. మూడోది తగ్గింపు పంచుకోవడం.

మూడోదే చేశాను, సమానంగా కాకుండా. రెండో మెట్టును మేరువు వైపు నాలుగు మిల్లీమీటర్లు జరిపాను. రిషభం 195 అయింది, మంద్ర ధైవతం 897. తొమ్మిదో మెట్టును గుర్రం వైపు రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా జరిపితే మధ్య ధైవతం 890. రెండు ధైవతాల మధ్య ఏడు సెంట్లు మిగిలింది. ఎక్కువ భారం రిషభం మీద ఎందుకు వేశానంటే, అది అప్పులో పడింది. అమ్మాయి చిటికెడు లాగితే 204కి చేరుతుంది. ధైవతానికి ఆరు సెంట్లే మిగులు ఇచ్చాను. ఈ మిల్లీమీటర్లన్నీ కాగితం మీదివి. వేలి ఒత్తిడి కలిసే సరికి ఒక్కో తీగ ఒక్కోలా మాట్లాడుతుంది, చివరి వెంట్రుకవాసి చెవితోనే. గాంధారాన్ని మాత్రం ముట్టుకోలేదు. దాని చోటు తీగే చెప్పింది, అక్కడ బేరం లేదు.

లెక్కలు కాగితం మీద రాసి చూస్తే నాకే నవ్వొచ్చింది. 195, 890, 897. ఫోను ఆయన పెట్టిన 200, 900కి ఎంత దూరం? రిషభ ధైవతాల దగ్గర ఫోను మరీ అన్యాయం చెయ్యలేదు. స్థాయికీ స్థాయికీ తేడా రానివ్వకపోవడం దాని పెద్ద సుగుణం, ఆ పచ్చ లైటు మేళంలో ఈ ధైవతం ఫిర్యాదు వచ్చేదే కాదు. అతను నన్ను తిట్టుకుని ఉంటే న్యాయమే.

ఆ రోజు అమ్మాయి చేత మోహనతో పాటు కల్యాణి, శంకరాభరణం ఆరోహణ అవరోహణలు మూడు స్థాయిల్లో వాయించి విన్నాను. శ్రీకాకుళంలో టీచరు గారికి ఫోను చేసి, స్పీకరులో కాదమ్మా, మీరు ఎదురుగా విని చెప్పండి అన్నాను. వారం తర్వాత ఆవిడే చేశారు. మోహనలో రెండు ధైవతాలు ఇప్పుడు అక్కచెల్లెళ్లలా ఉన్నాయి, కవలలు కాకపోయినా పర్లేదు అన్నారు. ఆ ఆరు సెంట్ల మిగులు ధైవతం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఆవిడకి గుచ్చుకోలేదట.

మూడో మెట్టు, సాధారణ గాంధారం, నేను తాకలేదు. అది ఇంకా ఫోను చెప్పిన చోటే ఉంది. దాన్ని 6/5కి తెస్తే పంచమం తీగ మీద కైశికి నిషాదం ఎక్కడికి పోతుందో, పదో మెట్టుతో ఎలా కలపాలో మళ్లీ ఇదే బేరం. ఖరహరప్రియ మొదలుపెట్టిన రోజు రమ్మన్నాను. అప్పటిదాకా వీణను రేకుల కింద కాకుండా పెంకుటింట్లో పెట్టమని తండ్రికి చెప్పాను. మళ్లీ దుప్పట్లు చుట్టి, తాడు బిగిస్తూ, "మా ఊరి భజన హార్మోనియం కూడా ఇలాగే సరిచెయ్యొచ్చా మాస్టారూ?" అని అడిగాడు. రీడ్లు గీకాలండీ, తెండి చూద్దాం అన్నాను.